క్యాలెండర్ మీద ఎర్ర సున్నాలు

ఈ వారం ఉత్తరం గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి వచ్చింది. రాసినావిడ వయసు 43. సహకార బ్యాంకులో క్యాషియర్. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బాబు తొమ్మిదో తరగతి. ఉత్తరం ఐదు పేజీలు. పేరూ ఊరూ తీసేసి, కుదించి చెబుతున్నాను.

ఏడాదిన్నరగా ఆవిడకి నెలసరి లెక్క తప్పింది. అంతకుముందు 28 రోజులకి ఠంచనుగా వచ్చేది. ఇప్పుడు ఒకసారి 22 రోజులకే వచ్చేస్తుంది, తర్వాత 35, మళ్లీ 24, ఆ తర్వాత 41. వచ్చినప్పుడు రెండో రోజు గంటన్నరకో ప్యాడ్ మార్చాలి. ఒకసారి కౌంటర్లో కుర్చీ సీటు కూడా తడిసింది. అప్పటినుంచి ఆఫీసుకి ముదురు రంగు చీరలే. రాత్రి రెండున్నర, మూడు మధ్య జాకెట్టు చెమటకి తడిసి మెలకువ వస్తుంది. గుండె దడదడలాడుతుంది. ఇక నిద్ర పట్టదు. మే నెలలో క్యాష్‌లో 1,500 రూపాయలు తక్కువ వచ్చి, సొంత డబ్బు కట్టారు. పదహారేళ్ల సర్వీసులో అదే మొదటిసారి. "రోజూ వచ్చే కస్టమర్ల పేర్లు కూడా నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. మా పెద్దమ్మకి ఇలాగే మొదలై మతి పోయింది" అని రాశారు. టీ గ్లాసు ఎక్కడిదక్కడ వదిలేశాడని భర్త మీద అరిచి, ఆ తర్వాత వంటింట్లో తలుపు వేసుకుని ఏడ్చారట.

దడకి ఈసీజీ తీయించారు. బాగానే ఉంది, టెన్షన్ తగ్గించుకోమని నిద్రమాత్రలు రాశారు. అత్తగారు "వేడి చేసిందమ్మా" అని రోజూ సబ్జా నీళ్లు ఇస్తున్నారు. ఒక నర్సింగ్ హోమ్‌లో స్కానింగ్ చేసి గర్భసంచి కాస్త పెద్దదైందని, 2 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ గడ్డ ఉందని, లోపలి పొర 13 మిల్లీమీటర్ల మందం ఉందని చెప్పారు. హిమోగ్లోబిన్ 9.1. "పిల్లలు పుట్టేశారు, ట్యూబెక్టమీ కూడా అయిపోయింది. ఇంకా ఆ సంచి ఎందుకమ్మా, తీసేస్తే పీడా పోతుంది" అన్నారట అక్కడ. పిల్లలకి సెలవులుంటాయని దసరాకి అనుకున్నారు కూడా. తోడికోడలు 38 ఏళ్లకే తీయించుకుని హాయిగా ఉన్నానంటోంది.

"నాకు పిచ్చి పడుతోందా? 43కే ముట్లు ఆగిపోతాయా? ట్యూబెక్టమీ వల్లే ఇదంతా అంటున్నారు, నిజమా? ఆపరేషన్ చేయించుకోనా, వద్దా? మావారికి ఏమని చెప్పను?" ఇవీ ప్రశ్నలు.

ముందుగా, మీకు పిచ్చి పట్టడం లేదు.

మీరు నెలసరి తేదీలన్నీ పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ మీద ఎర్ర సున్నాలు చుట్టి పెట్టుకున్నారు కదా, ఆ పని చేసినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. స్కానింగ్ కాగితం కన్నా అదే నాకు ఎక్కువ చెప్పింది. ఒక నెలకీ మరో నెలకీ మధ్య వారం అంతకన్నా ఎక్కువ తేడా రావడం, అది ఒకసారి కాక పదే పదే జరగడం, ముట్లు ఆగడానికి ముందు వచ్చే దశ మొదలైందనడానికి డాక్టర్లు చూసే మొదటి గుర్తు. దీన్నే పెరిమెనోపాజ్ అంటున్నారు. మీ అంకెల్లో 41 రోజుల నెలని నేను పక్కన పెడుతున్నాను. ఆ నెల మరిది గారి గృహప్రవేశానికని వాయిదా వేసే మాత్రలు వాడానని మీరే రాశారు. ఆ ఆలస్యం మాత్రలది. దాన్ని తీసేసినా 22, 35, 24 అలాగే ఉన్నాయి. అవి చాలు.

43 ఏళ్లకి ఇది వింతేమీ కాదు. పాశ్చాత్య దేశాల్లో ముట్లు పూర్తిగా ఆగే వయసు సగటున 51 అంటారు. మన దేశంలో అది 46, 47 దగ్గరే ఉంటుంది. ఆగడానికి ముందు ఈ ఊగిసలాట సగటున నాలుగేళ్లు, కొందరికి ఎనిమిదేళ్ల దాకా నడుస్తుంది. లెక్క వేసుకోండి. పన్నెండు నెలలు వరసగా రాకపోతేనే మెనోపాజ్ అంటారు. మీకు అది ఇంకా రాలేదు. మీరు దాని గుమ్మం ముందున్నారు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం వేరే ఉంది. "అమ్మకి ఎప్పుడు ఆగాయని డాక్టర్ గారు అడిగారు, అమ్మకి 35 ఏళ్లకే సంచి తీసేశారు, ఏం చెప్పను" అని. ఈ జవాబు నేను ఎంతమంది దగ్గర విన్నానో! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 50 ఏళ్లలోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎనిమిది మందికి పైగా తేలారు. అంటే మన ఇళ్లలో చాలామంది అమ్మలకీ పిన్నులకీ ముట్లు వాటంతట అవి ఆగలేదు, ఆపారు. అందుకే ఈ దశ ఎలా ఉంటుందో, ఎన్నాళ్లుంటుందో చెప్పే పెద్ద దిక్కు కూతుళ్లకి లేకుండా పోయింది. అర్ధరాత్రి చెమట పడితే గుండె జబ్బేమో, కోపం వస్తే గాలి సోకిందేమో అనుకునే పరిస్థితి వచ్చింది. మీ తోడికోడలు అబద్ధం చెప్పడం లేదు. ఆవిడ సంగతి మళ్లీ మాట్లాడదాం.

ఇంతకీ ఒంట్లో జరుగుతున్నదేమిటంటే, అండాశయాల్లో అండాలు తగ్గిపోతున్నకొద్దీ కొన్ని నెలల్లో అండం విడుదల కాదు. విడుదలయ్యాక తయారయ్యే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఆ నెలల్లో తక్కువ పడుతుంది. ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోన్ మాత్రం మెల్లగా, బుద్ధిగా తగ్గదు. ఒక నెల మామూలు కన్నా పైకి పోతుంది, మరో నెల కిందికి పడుతుంది. పైకి పోయిన నెల గర్భసంచి లోపలి పొర బాగా పెరుగుతుంది, ఆపే ప్రొజెస్టిరాన్ లేక ఒక్కసారిగా రాలిపోతుంది. మీ రెండో రోజు అవస్థకి అది ముఖ్య కారణం కావచ్చు. కిందికి పడ్డ నెల మెదడులో ఒంటి వేడిని చూసే భాగం చిన్న తేడాకే కంగారు పడి, ఒంటిని చల్లార్చాలని రక్తనాళాల్ని వెడల్పు చేసి చెమట పట్టిస్తుంది, గుండె వేగం పెంచుతుంది. మీ అత్తగారు "వేడి చేసింది" అన్నారంటే లక్షణాన్ని సరిగ్గానే పట్టుకున్నారు, కారణమే వేరు. సబ్జా నీళ్లు తాగండి, చలవే కదా. దానివల్ల ఆవిర్లు ఆగుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. నా 46వ ఏట నేను ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడేదాన్ని. ఏం తీసుకోవడానికి వచ్చానో మర్చిపోయానని మా ఇంట్లో నవ్వుకునేవాళ్లు. నాకు కావాల్సింది ఆ చల్లగాలే.

ట్యూబెక్టమీకీ దీనికీ సంబంధం లేదు. అందులో అండం వెళ్లే నాళాల్ని కట్టేస్తారు, హార్మోన్లు చేసే అండాశయాల్ని ముట్టుకోరు. ఆ మాట అన్నవాళ్లని వదిలేయండి.

అయితే అన్నీ పెరిమెనోపాజ్ మీద వేసేసి ఊరుకోవడం కూడా తప్పే. మీ దగ్గర కనీసం రెండు మూడు తాళ్లు కలిసి చిక్కుపడ్డాయి. ఒకటి రక్తహీనత. 9.1 అంటే తక్కువే. ఆయాసం, దడ, నీరసం, తలలో మబ్బు పట్టినట్టుండటం, వీటిలో ఎంత హార్మోన్లదో ఎంత ఐరన్ లోపానిదో ఐరన్ నింపితే తప్ప తెలియదు. డాక్టర్ని అడిగి ఐరన్ మొదలుపెట్టండి. టీతో కలిపి వేసుకోకండి, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసంతో మంచిది. హిమోగ్లోబిన్ 12 దాటగానే ఆపేయకండి, నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు పడుతుంది. రెండోది థైరాయిడ్. రుతుక్రమం తప్పడం, దడ, చెమట, చిరాకు, మరపు, ఇవన్నీ థైరాయిడ్ తేడాల్లోనూ ఉంటాయి. మీ కాగితాల్లో టీఎస్‌హెచ్ పరీక్ష కనిపించలేదు. ఈ వారంలోనే చేయించండి. షుగర్, బీపీ కూడా చూపించుకుంటే ఒక పని అయిపోతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష మాత్రం ఎవరైనా రాస్తే, ఎందుకని అడగండి. ఈ దశలో అది ఈ నెల ఎక్కువ, వచ్చే నెల మామూలు అన్నట్టు ఊగుతుంది. ఒకసారి చేసిన పరీక్షలో మామూలుగా వస్తే "మీకేమీ లేదు" అనేస్తారు, అదీ ఇబ్బంది. 40 లోపువాళ్లకైతే ఆ పరీక్ష తప్పకుండా కావాలి. మీ వయసుకి తేదీలూ లక్షణాలే ఎక్కువ చెబుతాయి.

ఇక స్కానింగ్. మీరు పంపిన రిపోర్ట్ మీద తేదీ చూశాను, మీ క్యాలెండర్ చూశాను. స్కానింగ్ అయిన రెండో రోజున ఎర్ర సున్నా ఉంది. నెలసరి వచ్చే ముందు లోపలి పొర మందంగానే ఉంటుంది, అప్పుడు 13 మిల్లీమీటర్లు మామూలు సంగతే. అదే నెలసరి అయిపోయిన వెంటనే తీసి ఉంటే కొలత వేరుగా వచ్చేది. ముట్లు ఆగిపోయిన ఆవిడకి 13 ఉంటే అది వేరే కథ, వెంటనే చూడాలి. మీరు ఆ కోవలోకి రారు. అలాగే 2 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్‌లు నలభైలు దాటిన ఎంతోమందికి ఉంటాయి. అది గర్భసంచి లోపలి గదిలోకి పొడుచుకొచ్చిందా, గోడలో ఉందా, బయటివైపు ఉందా అన్నదే ముఖ్యం. రిపోర్ట్‌లో ఆ మాట లేదు. ఆ ఒక్క వాక్యం లేకుండా ఆపరేషన్ తేదీ దాకా ఎలా వెళ్లారో నాకు అర్థం కాలేదు.

దసరాకి ఒప్పుకోవాలా, వద్దా? నేను మిమ్మల్ని చూసి పరీక్ష చేసినదాన్ని కాదు, కాబట్టి వద్దని ఖరారుగా చెప్పను. మీ ముందున్న దారులు, ఒక్కోదాంట్లో ఏముంటుందో చెబుతాను.

వేరే గైనకాలజిస్టుని కలిసి, నెలసరి అయిన నాలుగైదు రోజులకి మళ్లీ స్కానింగ్ చేయించుకోవచ్చు. ఇలా లెక్క తప్పి ఎక్కువగా పోతున్నప్పుడు, మీ వయసులో లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదామని ఆవిడ అనవచ్చు. బయాప్సీ అనగానే బెదిరిపోకండి, క్యాన్సర్ ఉందని కాదు, లేదని తేల్చుకోవడానికి. ఇది తప్పించుకోకూడని పరీక్ష. "తర్వాత క్యాన్సర్ భయం ఉండదు" అని సంచి తీసే ముందు, ఇప్పుడు ఉందా లేదా చూడటం న్యాయం కదా. గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ సూచనలేమైనా ఉన్నాయేమో చూసే పాప్ స్మియర్ పరీక్ష కూడా అప్పుడే అయిపోతుంది.

అందులో ఏమీ లేకపోతే, రక్తస్రావాన్ని తగ్గించడానికి ఆ మూడు నాలుగు రోజులు మాత్రమే వేసుకునే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలున్నాయి. హార్మోన్ కాదు. ఎక్కువమందికి పని చేస్తుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి పనికిరాదు. తేదీల అస్తవ్యస్తం మాత్రం దీనితో పోదు. గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉంది. ఐదేళ్లు అంతకు పైగా పనిచేస్తుంది, రక్తస్రావం బాగా తగ్గుతుంది, చాలామంది ఆపరేషన్ దాకా వెళ్లకుండా ఆగిపోయేది దీనితోనే. దీనికీ ఒక చిక్కుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మచ్చలు మచ్చలుగా ఎప్పుడు కనిపిస్తుందో తెలియదు. పూజలూ వ్రతాలూ పట్టింపుగా చేసే ఇంట్లో అది చిరాకే. మీ అత్తగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచుకోవాలో, అసలు చెప్పకూడదో మీకే బాగా తెలుసు.

ఆపరేషన్ ఎప్పుడూ తప్పే అనను. పెద్ద గడ్డలున్నా, బయాప్సీలో తేడా వచ్చినా, మందులూ లూప్ వాడినా రక్తం నిలవకపోయినా అదే సరైన దారి కావచ్చు. కానీ అనవసరంగా చేసే ఈ ఆపరేషన్ల గురించి 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, మార్గదర్శకాలు అమలు చేయమని రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది. ఒకవేళ మీరు ఆ దారికే వెళితే, సంతకం పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "అండాశయాలు ఉంచుతారా, తీస్తారా?" సంచితోపాటు అవి కూడా తీసేస్తే మెనోపాజ్ నాలుగేళ్లలో మెల్లగా రాదు, మర్నాడే వస్తుంది. ఆవిర్లు పది రెట్లనిపిస్తాయి, ఎముకలూ గుండే త్వరగా దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. వాటిని ఉంచినా, కొందరికి ముట్లు ఆగే దశ ఏడాది రెండేళ్లు ముందుకి జరుగుతుంది. మీ తోడికోడలికి ప్యాడ్‌ల బాధ పోయింది కాబట్టి హాయి నిజమే. ఆవిడ అండాశయాలు ఉన్నాయో లేవో ఆవిడకి తెలుసా? అడిగి చూడండి, చాలామందికి తెలియదు. తీసేసి ఉంటే ఎముకల పరీక్ష చేయించుకోమని చెప్పండి.

ఇక్కడ ఒక హద్దు గీస్తున్నాను. గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు మూడు గంటలు తడిసినా, పెద్ద పెద్ద రక్తపు గడ్డలు పడుతూ కళ్లు తిరిగినా, కలయిక తర్వాత రక్తం కనిపించినా, రెండు నెలసరుల మధ్య కనిపించినా దసరా దాకా ఆగొద్దు.

రాత్రి చెమటలకీ నిద్రకీ మొదట ఇంట్లో చేసుకోగలిగినవి చేసి చూడండి. పలచని నూలు నైటీ, పక్కన తడిబట్ట, సాయంత్రం ఐదు తర్వాత టీ మానేయడం. మీరు మూడు టీలు తాగుతానన్నారు, ఆఖరిది ఎనిమిదికట. అది ముందు పోవాలి. నిద్రమాత్రలు డాక్టర్ని అడక్కుండా నెలల తరబడి వాడకండి. ఇవి సరిపోకపోతే హార్మోన్ చికిత్స ఉంది. దాని పేరు చెబితే భయపడేవాళ్లు ఎక్కువ. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన రొమ్ము క్యాన్సర్, గుండె సమస్యలు పెరుగుతాయని చెప్పడంతో ఆ భయం మొదలైంది. అందులో చేరిన ఆడవాళ్ల సగటు వయసు 63. అరవై లోపు, లక్షణాలు మొదలైన కొత్తల్లో మొదలుపెట్టేవాళ్లకి చాలామందిలో లాభమే ఎక్కువ అని తర్వాత తేలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లు వాడకూడదు. మీ విషయంలో రక్తస్రావం ఎందుకో తేలే దాకా అది మొదలుపెట్టరు. హార్మోన్ వద్దనుకునేవాళ్లకి ఆవిర్లు తగ్గించే వేరే మందులూ ఉన్నాయి, డాక్టర్ని అడగండి.

క్యాష్ తేడా గురించి. మీ పెద్దమ్మకి 70 దాటాక వచ్చిన జబ్బుకీ మీకూ పోలిక పెట్టుకోకండి. రాత్రి మూడింటి నుంచి మేలుకుని, 9.1 హిమోగ్లోబిన్‌తో నోట్లు లెక్కపెడితే ఎవరికైనా తేడా వస్తుంది. ఈ దశలో వచ్చే మరపు చాలామందికి దశ దాటాక తగ్గుతుంది. నెలసరి రెండు రోజులూ వీలైతే క్యాష్ కౌంటర్ బదులు వేరే సీటు అడగవచ్చు. మేనేజర్‌కి కారణం చెప్పక్కర్లేదు, ఒంట్లో బాగోలేదంటే చాలు. మేనేజర్ మగవాడు, అడగలేను అంటారా, అయితే నోట్లు లెక్కపెట్టే మిషన్‌లో రెండేసిసార్లు వేసి చూసుకోండి, ఆ రెండు రోజులు కాస్త నెమ్మదిగా సాగినా పరవాలేదు.

నాలుగో పేజీ చివర "ఒక్కోసారి ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తుంది" అని రాసి, కొట్టేశారు. కొట్టేసినా చదవగలిగాను. వారం రోజులు ఒంటరిగా ఏ అరకో వెళ్లి పడుకోవాలనిపించడమైతే నాకూ అనిపించింది. బతకాలని లేదన్న ఉద్దేశమైతే మాత్రం దాన్ని కొట్టేయకండి. ఈ దశలో డిప్రెషన్ రావడం ఎక్కువే. కాన్పు తర్వాత దిగులుతో బాధపడ్డవాళ్లకి మరీ. అమ్మాయి పుట్టాక ఆరు నెలలు ఏడ్చానని మీరు రాశారు. 14416 ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అర్ధరాత్రి మూడింటికైనా చేయవచ్చు.

మీవారి సంగతి. నాలుగు నెలలుగా పిల్లల గదిలో పడుకుంటున్నానని, ఆయన "నేనంటే విసుగొచ్చిందా" అన్నారని రాశారు. దగ్గరైనప్పుడు మంటగా ఉంటోందని ఒక్క సగం వాక్యం రాసి వదిలేశారు. ఈస్ట్రోజెన్ పడిపోయినప్పుడు అక్కడ తడి తగ్గడం మామూలే. మందుల షాపులో దొరికే లూబ్రికెంట్ జెల్‌తో చాలామందికి సర్దుకుంటుంది, లేకపోతే డాక్టర్ రాసే క్రీములున్నాయి. ఆయనకి ఈ విషయం తెలియదు. ఆయనకి తెలిసినదల్లా మీరు గది మారారని. మీరు చెప్పకపోతే ఆయన తన లెక్క తాను వేసుకుంటారు, ఇప్పటికే వేసుకున్నారు. అన్నీ కూర్చోబెట్టి చెప్పలేకపోతే రెండో డాక్టర్ దగ్గరికి ఆయన్ని కూడా తీసుకెళ్లండి. డాక్టర్ నోట వింటే కొందరు మగవాళ్లకి త్వరగా ఎక్కుతుంది. అక్కడ ఆయన ముందు మీరు నోరు విప్పలేకపోయే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి మొదటి పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడతానని చెప్పండి. అదీ వద్దనుకుంటే, చెమటకి తడిసిన జాకెట్టు ఒక రాత్రి ఆయన చేతికివ్వండి. "ఇందుకే ఆ గదిలో పడుకుంటున్నా, నువ్వు నిద్ర పాడు చేసుకోకూడదని" అనండి. గ్లాసు సంగతి ఆ రోజు ఎత్తకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత స్కానింగ్ రిపోర్ట్, రక్తపరీక్షలు, వేసుకుంటున్న మందుల పట్టీ తీసుకెళ్లండి. క్యాలెండర్ కాగితాలు నాలుగూ కూడా చింపి తీసుకెళ్లండి. ఎర్ర సున్నాల పక్కనే పాల లెక్కా, గ్యాస్ బండ వచ్చిన తేదీలూ ఉన్నాయని మొహమాటపడకండి. వాయిదా మాత్రలు వాడిన నెల మీద మాత్రం ఒక గీత గీసి, పక్కన "మాత్రలు" అని రాయండి.